గుమ్మం వైపు కాళ్ళు

నాన్న వేట నుంచి వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ ఆయన చేతికి పసిపిల్లల్ని ఇచ్చేవారు కాదు. పది పన్నెండు రోజులు సముద్రం మీద ఉండి ఒడ్డుకు దిగిన మనిషి ముందు గోడకి వీపు ఆనించి కూర్చోవాలి. అమ్మ వేడన్నంలో చేపల పులుసు పోసి అక్కడికే తెచ్చి పెట్టేది. తిన్నాక కూడా కాసేపు అక్కడే. "నేల ఇంకా ఊగుతోందే" అనేవాడు నాన్న, కళ్ళు మూసుకుని.

నేల ఊగడం నాకు కనపడేది కాదు. గ్లాసులో నీళ్ళు పోసి ఆయన పక్కన పెట్టి, వంగి చూసేదాన్ని. నీళ్ళు కదిలేవి కావు. నాన్న మాత్రం గోడని వదిలేవాడు కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి ఆయన కూర్చోకుండా నేరుగా లోపలికి నడిచి తమ్ముడి ఉయ్యాల మీద పడబోయాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. తమ్ముడికేం కాలేదు. నాకు మాత్రం నాన్నకి ఏదో పెద్ద జబ్బు ఉందని, అది నాకు చెప్పకుండా అందరూ దాస్తున్నారని భయం పట్టుకుంది. బడిలో కూర్చున్నా అదే. అన్నం ముందు కూర్చున్నా అదే.

అమ్మ రామచంద్రపురం మార్కెట్లో చేపలు అమ్మేది. సెలవు రోజుల్లో నన్నూ వెంట తీసుకెళ్ళేది. మార్కెట్ పక్క వీధిలో శాఖా గ్రంథాలయం ఉంది. ఒకరోజు ధైర్యం చేసి లోపలికి వెళ్ళాను. పేపర్లు చదువుతున్న పెద్దమనుషులు తలలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా గౌనంతా చేపల వాసన. లైబ్రేరియన్ గారు ఆ సంగతి ఎత్తకుండా కిటికీ పక్కనున్న కుర్చీ చూపించి, "ఇక్కడ కూర్చో అమ్మా, వెలుతురు బాగుంటుంది" అన్నారు. ఆ కుర్చీ ఆ తర్వాత ఎనిమిదేళ్ళు నాదే.

"మా నాన్నకి నేల ఊగుతుందండి. అది ఏ పుస్తకంలో ఉంటుందండి?" అని అడిగాను.

ఆయన నవ్వలేదు. చాలాసేపు బీరువాల మధ్య తిరిగి రెండు పుస్తకాలు తెచ్చారు. ఒకటి ఇంటర్ జంతుశాస్త్రం. రెండోదానికి అట్ట లేదు, మొదటి పేజీలూ లేవు. జంతుశాస్త్రంలో చెవి బొమ్మ ఉంది. చెవి లోపల మూడు వంపు గొట్టాలు, వాటిలో నీరు. మనిషి ఎటు కదిలాడో మెదడుకి చెప్పేవి అవేనట. పుస్తకం వాటిని అర్ధవర్తుల కుల్యలు అంది. ఆ పేరు నోరు తిరిగేదాకా కిటికీ దగ్గరే కూర్చుని చదువుకున్నాను. అట్ట లేని పుస్తకం చివర్లో మరో సంగతి ఉంది. రోదసిలో కొన్నాళ్ళు ఉండి భూమికి తిరిగొచ్చిన వాళ్ళు వెంటనే నడవలేరట. నిలబెడితే కళ్ళు తిరుగుతాయట. వాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టి మోసుకుపోతారట.

గోడకి ఆనుకుని కూర్చున్న నాన్న గుర్తొచ్చాడు.

ఇంటికెళ్ళి చెప్పాను: "నాన్నా, నీకు జబ్బేం లేదు. నీ చెవిలో నీళ్ళు ఇంకా సముద్రంలోనే ఉన్నాయి."

"మరి వాటిని కూడా దింపమ్మా" అన్నాడు నాన్న.

నేను చెప్పింది పూర్తిగా సరైన మాట కాదు. ఊగుడికి అలవాటు పడిపోయేది మెదడు. ఊగుడు ఆగినా అది ఆగినట్టు ఒప్పుకోదు. ఈ తేడా నాకు పదిహేడో ఏట, అదే కిటికీ దగ్గర, ఇంకో పుస్తకంలో దొరికింది. నేను చదివిన చదువులో సగానికి ఎవరూ పరీక్ష పెట్టలేదు. ఆ సగం మీదే నాకు ఎక్కువ గర్వం.

మిగతా సగం అందరిలాంటిదే. రాజమహేంద్రవరంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ, ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా. తర్వాత ఆ ఊరి దగ్గరే ఒక కాలేజీలో, శరీరధర్మ శాస్త్రం విభాగంలో ఉద్యోగం. పిల్లలకి బీపీ చూడటం నేర్పించడం, యంత్రాలు తుడవడం, రిజిస్టర్లు రాయడం నా పని. ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. మా విభాగానికి పెద్ద ఒక మేడం. ఒకసారి ఆవిడ క్లాసులో రోదసి సంగతి వస్తే, వెనక యంత్రం సర్దుతున్న నేను ఆగలేక, "అక్కడ కాళ్ళలో రక్తం తలకి చేరి మొహాలు ఉబ్బుతాయండి" అనేశాను. పిల్లలు వెనక్కి తిరిగి చూశారు.

క్లాసు అయ్యాక మేడం పిలిచారు. "ఇదంతా నీకెవరు చెప్పారు?"

"చదివానండి."

"ఎక్కడ?"

"లైబ్రరీలో అండి. రామచంద్రపురంలో."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రేపటి నుంచి సాయంత్రాలు నా గదికి రా" అన్నారు.

అలా నాలుగేళ్ళు ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. మన దేశం మనుషుల్ని రోదసిలోకి పంపే ఏర్పాట్లలో ఉన్న రోజులు అవి. వేరే రాష్ట్రంలో, రోదసిలో మనిషి ఆరోగ్యం మీదే పనిచేసే ఒక సంస్థ పరిశోధక విద్యార్థుల కోసం ప్రకటన ఇచ్చింది. సొంతంగా చేసిన అధ్యయనం ఏదైనా ఇంటర్వ్యూలో చూపించాలన్నారు. వయసు పరిమితి దాటడానికి నాకు ఆ ఒక్క ఏడాదే మిగిలింది. అది పోతే జీవితాంతం యంత్రాలు తుడవడమేనని నాకు తెలుసు, మేడంకి తెలుసు.

"మనమే ఒకటి చేద్దాం. పడక అధ్యయనం" అన్నారు మేడం.

రోదసిలో జరిగేది నేల మీద చూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది. మనిషిని మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళవైపు జానెడు ఎత్తు లేపుతారు. తల కిందికి, కాళ్ళు పైకి. రక్తం తలవైపు చేరుతుంది. అలా ఒక వారం. తిండి, స్నానం, అన్నీ పడుకునే. లేవకూడదు, కూర్చోకూడదు. వారం తర్వాత ఒక్కసారి నిలబెట్టి గుండె ఏం చేస్తుందో, బీపీ ఎంత పడిపోతుందో చూస్తారు. మధ్యలో లేచి కూర్చుంటే రక్తం మళ్ళీ కాళ్ళలోకి దిగుతుంది. పడుకున్న ఫలితం పాడైపోతుంది.

మనుషుల్ని నేనే తెచ్చాను. ఎండాకాలం రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. మా ఊరి కుర్రాళ్ళు ఖాళీగా వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. నాన్న బోటు మీద పనిచేసే కుర్రాడితో కలిపి ఆరుగురు ఒప్పుకున్నారు. కాగితాలు చదివి వినిపించి, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చని చెప్పి సంతకాలు తీసుకున్నాం.

"పడుకోవడమే పనా అక్కా?" అన్నాడు నాన్న బోటు కుర్రాడు. "మా ఆవిడకి చెప్పకు. అది నాకు పర్మినెంటు చేయించేత్తాది."

కాలేజీలో ఖాళీగా ఉన్న ఒక హాలు ఇచ్చారు. ప్లగ్గులన్నీ అవతలి గోడకే ఉన్నాయి కాబట్టి ఆరు మంచాల తలలూ ఆ గోడకి ఆనించాం. మంచానికీ మంచానికీ మధ్య తెరలు. కాళ్ళ కింద ఇటుకలు. గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఆరు జతల పాదాలు వరసగా కనపడేవి. మేడం నవ్వారు. నేనూ నవ్వాను. అందులో తప్పేమీ మాకు కనపడలేదు.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఐదో రోజు నేనే నాన్నని రమ్మన్నాను.

చుట్టాలు రావాలంటే సాయంత్రం రావాలి. ముందే చెప్పాలి. ఆ నియమం రాసింది నేనే. కానీ ఆ మధ్యాహ్నం హాల్లో డ్యూటీ నాదొక్కదానిదే, మేడం మీటింగులో ఉన్నారు. నాన్నకి చూపించాలని నా ఆశ. ఆయన గోడకి ఆనుకుని కూర్చున్న ఆ కాసేపు ఎంత పెద్ద శాస్త్రమో చూపించాలని. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, రామచంద్రపురంలో బస్సు మారి వచ్చాడు. చెప్పులు బయట విప్పాడు. "దేవుడి గది కాదు నాన్నా" అన్నాను. "అయినా" అన్నాడు. చప్పుడు చేయకుండా తలుపు తీశాను.

గుమ్మానికి ఎదురుగా ఉన్న మంచం నాన్న బోటు కుర్రాడిది. మా వాళ్ళు బోటు నడిపే పెద్దని సరంగు అంటారు. మా నాన్న ఆ కుర్రాడికి సరంగు. వాడు కళ్ళు తెరిచి చూసేసరికి, తన రెండు పాదాల మధ్య సరంగు మొహం.

వాడు ఏమీ ఆలోచించలేదు. ఒక్క ఊపున లేచి, కాళ్ళు కిందికి దించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెదనాన్నా!"

"ఒరేయ్, పడుకోరా! పడుకో!" అన్నాడు నాన్న చెయ్యి ఊపుతూ.

వాడు తూలి మంచం కడ్డీ పట్టుకున్నాడు. నేను వెళ్ళి భుజాలు పట్టి పడుకోబెట్టాను. మొత్తం పది అంకెలు లెక్కపెట్టేంత సేపు. తెరల అవతల మిగతావాళ్ళు నిద్రలో ఉన్నారు, లేదా ఫోన్లో ఏదో వింటున్నారు. ఎవరూ పలకలేదు.

"ఏంట్రా నువ్వు చేసింది?" అన్నాను.

"నేనేం చేత్తాను అక్కా? సరంగు గారు వచ్చి నిలబడితే కాళ్ళు ఆయన మొహానికి చూపించి పడుకోనా? మా అమ్మకి తెలిత్తే చెప్పు పుచ్చుకుంటాది." వాడి మొహం ఎర్రబడింది. కాసేపటికి, "నిన్ను తిడతారా?" అన్నాడు.

రెండు గంటల రీడింగు తీసే వేళ అది. వాడి నాడి పరుగులు తీస్తోంది. రిజిస్టరు తెరిచాను. అందులో చివరి గడి, లేచిన సందర్భాలు రాయడానికి. నాలుగు రోజులుగా ఆరుగురికీ ఆ గడి ఖాళీ. మేడం ఆ ఖాళీని చూసి రోజూ సంతోషపడేవారు. నేను పెన్ను పట్టుకుని పావుగంట కూర్చున్నాను. ఆ తర్వాత వాడి నాడి మళ్ళీ చూశాను. నెమ్మదించింది. ఆ రెండో అంకె రాసి, ఎదురుగా రెండు గంటలని వేశాను. చివరి గడి ఖాళీగానే ఉంచాను.

బయట వరండాలో నాన్న చెప్పులు వేసుకోకుండా నిలబడి ఉన్నాడు.

"ఆడు లేచిన సంగతి రాయాలా?"

"రాయాలి."

"రాత్తే?"

"వాడి లెక్క తీసెయ్యాలి. ఆరుగురిలో ఒకడు పోతే ఇంక చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎందుకు పోయాడంటే నిన్ను నేను రమ్మన్నానని చెప్పాలి."

"మీ మేడం మంచిదేనా?"

"మంచిదే."

"మరి భయం దేనికి?"

"మంచిది కాబట్టే నాన్నా."

ఆయన చెప్పులు వేసుకున్నాడు. వరండా మెట్లు దిగుతూ, "నేను రాకుండా ఉండాల్సింది" అన్నాడు. నేను రమ్మంటేనే వచ్చాడు. ఆ మాట నాకు తలుపు చప్పుడైనప్పుడల్లా వినపడేది.

ఎనిమిదో రోజు పొద్దున ఒక్కొక్కరినీ నిలబెట్టాం. పుస్తకాల ప్రకారం వాళ్ళకి కళ్ళు తిరగాలి, నాడి ఎగబాకాలి, ఒకరిద్దరు కూలబడాలి. పట్టుకోవడానికి పక్కన మనుషుల్ని కూడా పెట్టాం. ఆరుగురూ నిలబడ్డారు. ఇద్దరైతే నవ్వుతూ నిలబడ్డారు. మేడం బీపీ చూసి, మళ్ళీ చూసి, కుర్చీలో కూర్చుండిపోయారు.

"నీకు అర్థమైందా?" అన్నారు నాతో. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "మీ వాళ్ళు సముద్రం మనుషులు. చిన్నప్పటి నుంచి ఊగే పడవ మీద ఒళ్ళు అలవాటు పడింది. అందుకే తట్టుకున్నారు. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది ఇదే."

ఎంత మంచి మాట అది. చేపల వాసనకి తలలెత్తి మొహాలు చూసుకున్న వాళ్ళందరికీ అది జవాబు. మా కుర్రాళ్ళ ఒళ్ళు రోదసికి తయారుగా ఉందని నేను పెద్దల ముందు నిలబడి చెప్పవచ్చు. ఆ వారమంతా గ్రాఫులు గీస్తూ అదే మాట ఇంగ్లీషులో మననం చేసుకున్నాను. ఐదో రోజు దగ్గరికి వచ్చినప్పుడల్లా, ఒక్కడే కదా లేచింది, పది అంకెలే కదా, మిగతా ఐదుగురూ నిజమే కదా అనుకునేదాన్ని. అన్నం సగం తిని వదిలేసేదాన్ని. రిజిస్టరు మేడం గదిలో ఉంటే ఒక బాధ, నా బల్ల మీద ఉంటే ఇంకో బాధ.

ఇంటర్వ్యూకి ఐదు రోజుల ముందు ఆదివారం ఊరెళ్ళాను. ఒడ్డున తాటాకు పందిరి కింద వలలు బాగుచేస్తున్నారు. మా ఆరుగురూ అక్కడే ఉన్నారు. నన్ను చూసి నాన్న బోటు కుర్రాడు నవ్వాడు.

"అదిగో, మా పడక మేస్త్రి వచ్చింది."

అందరూ నవ్వారు. వాడు వల పక్కన పెట్టి, సరంగు గారిని చూసి తను ఎలా లేచాడో లేచి మరీ చూపించాడు. అందరి ముందూ. ఎవరెవరు విన్నారోనని నేను చుట్టూ చూశాను. వాడి పక్కనున్నవాడు మాత్రం ఏ ఆశ్చర్యం లేకుండా, "నువ్వు ఒక్కసారేగా" అన్నాడు.

"ఒక్కసారేగా అంటే?" అన్నాను.

వాడు నాలిక్కరుచుకున్నాడు.

"చెప్పరా. నేనేం అనను."

"ఊడవడానికి ఆయమ్మ వచ్చేది కదక్కా. డ్యూటీ ఓళ్ళు దుమ్మని బయటికెళ్ళేవోరు. మా నాయనమ్మంత ఉంటాది. ఆవిడ వంగి ఊడుత్తా ఉంటే ఆవిడ నెత్తి మీదికి కాళ్ళు పెట్టుకుని ఎలా పడుకుంటాం? కాళ్ళు ముడుచుకుని లేచి కూర్చునేవాణ్ణి. ఆవిడ వెళ్ళాక పడుకునేవాణ్ణి."

"రోజూనా?"

"ఆయ్. రెండు పూటలా."

"మరి మేడం వచ్చినప్పుడు? మేడం ఉన్నప్పుడు ఎవరూ లేవలేదుగా. నేను చూశానుగా."

ఈసారి మరొకడు అందుకున్నాడు. ఆరుగురిలోకీ మర్యాదస్తుడు, ఎవరితోనైనా అండి లేకుండా మాట్లాడడు. "మేడం గారి చెప్పుల చప్పుడు వరండాలోనే వినపడేదండి. మీరు ఎదురెళ్ళగానే, ఆవిడ లోపలికి రాకముందే లేచి నిలబడి దణ్ణం పెట్టేసి, మళ్ళీ పడుకునేవాణ్ణండి. ఆవిడ చూసేసరికి పడుకునే ఉండాలి కదండి. అలాగని పెద్దావిడకి దణ్ణం పెట్టకుండా కాళ్ళు చూపిస్తే పాపం కదండి."

"ఆడు నిలబడ్డాడని తెర మీద నీడ పడేది. అది చూసి నేనూ లేచేవాణ్ణి" అన్నాడు పక్క మంచం వాడు.

మిగతా ఇద్దరూ తామూ అంతేనన్నట్టు తలలు ఊపారు. ఆరుగురూ లేచారు. ఒకరికొకరు చెప్పుకోకుండా, మమ్మల్ని మోసం చేయాలని లేకుండా, ఒకడు ఒక్కసారి, మిగతావాళ్ళు పూటపూటా లేచారు. మేము జానెడు ఎత్తున కాళ్ళు లేపి, ఆ కాళ్ళని గుమ్మం వైపు పెట్టాం. ఆ గుమ్మంలోంచి వచ్చే ప్రతి మనిషీ ఆ కుర్రాళ్ళకి పెద్దవాళ్ళే. నాకు ఆ సంగతి తెలియకపోవడం ఎలా? నేను పుట్టింది ఆ ఒడ్డునే. మా నాయనమ్మ వస్తే నేనూ కాళ్ళు ముడుచుకునేదాన్ని. పుస్తకాల్లో మంచం ఎంత ఎత్తు లేపాలో ఉంది. కాళ్ళు ఎటు ఉండాలో ఏ పుస్తకంలోనూ లేదు. పుస్తకంలో లేనిది నాకు తట్టలేదు. నా గ్రంథాలయం మీద నాకున్న గర్వానికి ఆ రోజు మొదటిసారి దెబ్బ తగిలింది.

సోమవారం పొద్దున్నే మేడం గదికి వెళ్ళాను. తలుపు వేశాను. నాన్నని పిలవడం దగ్గర నుంచి పందిరి కింద విన్నదాని దాకా మొత్తం చెప్పాను. చెబుతున్నంతసేపూ బల్ల అంచు పట్టుకునే ఉన్నాను. మేడం రిజిస్టరు తెరిచి ఐదో రోజు పేజీ తీశారు.

"కుర్రాళ్ళది తప్పు కాదు. మంచాలు నేను వేయించాను" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "కానీ ఆ రెండు గంటల అంకె నువ్వు రాశావు. మొదట చూసింది వదిలేసి, రెండోసారి చూసింది రాశావు."

"అవునండి."

"అది నాకు కష్టంగా ఉంది."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"ఇంటర్వ్యూ మానేస్తానండి."

"మానేసి?"

"ఇక్కడే యంత్రాలు తుడుచుకుంటానండి."

"వెళ్ళు. జరిగింది చూపించు" అని ఆవిడ రిజిస్టరు నా చేతిలో పెట్టారు. ఆ సాయంత్రం నేను అన్ని గ్రాఫుల మీదా ఎర్ర గుర్తులు పెట్టాను, కుర్రాళ్ళు గుర్తున్నంత వరకు చెప్పిన చోటల్లా. గ్రాఫులు మశూచి పోసినట్టు తయారయ్యాయి.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చున్నారు, ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆవిడ. నాలుగో కుర్చీ ఖాళీ. ఆ సంస్థ పెద్దాయన ఆలస్యంగా వస్తారన్నారు. నా ముందు వెళ్ళినవాళ్ళ గ్రాఫులు శుభ్రంగా, తిన్నగా ఉండటం తలుపు సందులోంచి చూశాను. నాకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పాను. ఎవరెవరు ఎందుకు లేచారో కూడా.

"అంటే ఈ అధ్యయనం పనికిరాదు" అన్నారు మొదటాయన.

"పనికిరాదండి."

"చదువుకున్న వాళ్ళని తీసుకుని ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు కదా? పల్లెటూరి అలవాట్లు వాళ్ళకి ఉండవు. లేవొద్దంటే లేవరు."

నోరు తెరిచానో లేదో, నా వెనక తలుపు తెరుచుకుంది. తెల్లజుట్టు పెద్దాయన ఒకరు నెమ్మదిగా లోపలికి వచ్చారు. నేను లేచి నిలబడ్డాను. నిలబడ్డాక చూస్తే, ఎదురుగా ఆ ముగ్గురూ కూడా నిలబడి ఉన్నారు.

నేను అలవాటుగా అంకెలు లెక్కపెడుతున్నాను. ఆరు దాకా వచ్చింది. ముందు ఆవిడకి నవ్వొచ్చింది. చదువుకున్న వాళ్ళ సంగతి ఎత్తినాయన చొక్కా సర్దుకున్నారు.

"కూర్చోండి, కూర్చోండి. ఎందుకు నవ్వుతున్నారు?" అన్నారు పెద్దాయన.

ఆవిడ చెప్పారు. పెద్దాయన నవ్వలేదు. నా కాగితాలు తీసుకుని ఒక్కో ఎర్ర గుర్తూ చూశారు. ఐదో రోజు దగ్గర ఆగారు. అక్కడ నేను రెండు అంకెలూ వేసి, ఏది ముందు చూశానో, ఏది రాశానో పక్కన రాశాను.

"ఇది మీరు చేసిందేనా?"

"అవునండి."

"ఎందుకు?"

మననం చేసుకున్న ఇంగ్లీషు వాక్యాలు పోయి, నాలుగు ముక్కలే మిగిలాయి. "ఈ అవకాశం కావాలని అండి" అన్నాను.

ఆయన తల ఊపి కాగితాలు తిరిగి ఇచ్చారు. "మళ్ళీ చేస్తే మొదట ఏం మారుస్తారు?"

"మంచాలు తిప్పుతానండి. తలలు గుమ్మం వైపు, కాళ్ళు గోడ వైపు. ప్లగ్గుల సంగతి తర్వాత చూసుకోవచ్చండి. వచ్చేవాళ్ళు ఎవరైనా బయటి నుంచే, లేవొద్దని చెప్పి లోపలికి రావాలండి. పెద్దవాళ్ళు చెబితే వాళ్ళు లేవరు. నియమాల కాగితం చెబితే లేస్తారు."

ఇంకేమీ అడగలేదు. వెళ్ళమన్నారు.

నెలన్నర ఏ కబురూ లేదు. నేను కాలేజీలో యంత్రాలు తుడుస్తూ, పావుగంటకోసారి ఫోన్ చూసుకుంటూ గడిపాను. మేడం నాతో మామూలుగానే మాట్లాడేవారు. రీడింగులు మాత్రం నా తర్వాత ఆవిడ మరోసారి చూసుకునేవారు. అది నేను గమనించలేదనుకునేవారు. వేట నిషేధం అయిపోయింది. బోట్లు కదిలాయి. నాన్న సముద్రం మీదికి వెళ్ళాక తొమ్మిదో రోజున మెయిల్ వచ్చింది. తీసుకున్నారు. కింద ఒక షరతు ఉంది. మొదటి ఏడాదంతా నేను రాసే ప్రతి అంకె పక్కన, దాన్ని విడిగా చూసిన మరొకరి సంతకం ఉండాలి. సంతకం లేనిది లెక్కలోకి రాదు.

సంతోషంగా ఉందో, సిగ్గుగా ఉందో తేల్చుకోలేకపోయాను. అక్కడ ప్రతి ఒక్కరికీ ఆ షరతు ఎందుకో తెలుస్తుంది. రోజూ ఎవరో ఒకరి దగ్గరికి రిజిస్టరు పట్టుకుని వెళ్ళి నిలబడాలి. ఏడాది లోపల ఇంకో తప్పు చేస్తే?

మూడు రోజుల తర్వాత బోటు ఒడ్డుకు వచ్చింది. నేను ఊళ్ళోనే ఉన్నాను. నాన్న వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అమ్మ పళ్ళెం తెచ్చింది. ఆయన తినేదాకా ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను.

"నాన్నా, వచ్చింది."

ఆయన కళ్ళు తెరిచి, పళ్ళెం పక్కకి జరిపి, లేవబోయాడు. నేల ఇంకా ఊగుతోంది. ఒక చెయ్యి గోడ మీద జారింది. నేను భుజాలు పట్టుకుని ఆపాను.

"లేవకు నాన్నా. కూర్చో."

కూర్చున్నాడు. షరతు కూడా చెప్పాను. దాచకూడదనుకున్నాను.

"అంటే నువ్వు రాసింది నమ్మరా?"

"ఏడాది పాటు నమ్మరు."

నాన్న అన్నం ముద్ద చేసి, తినకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. "బోటు మీద కొత్తోడు ముడి ఏత్తే ఇంకోడు లాగి చూత్తాడు" అన్నాడు. "నన్నూ చూశారు. ముడి ఇప్పుడు కూడా నేనే ఓసారి లాగి చూసుకుంటాను." ముద్ద నోట్లో పెట్టుకున్నాక అడిగాడు. "ఎప్పుడు వెళ్ళాలి?"

"పదో తారీకు."

"అక్కడ మంచాలు ఎటు ఉంటాయో ముందు చూసుకో" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

నేను ఆయన పక్కనే గోడకి ఆనుకుని కూర్చున్నాను. నేల కదలడం లేదని నాకు తెలుసు. అయినా ఆ పూట లేచి నడవాలంటే నాకూ ధైర్యం చాలలేదు.